ముసురులో లండన్ నుంచి బ్రైటన్‌కు: పాత కార్ల పరుగు వెంట గుంపుగా సైకిల్ తొక్కడం ఎలా

ఏటా నవంబర్ మొదటి ఆదివారం తెల్లవారుతూనే లండన్ హైడ్ పార్క్ నుంచి కొన్ని వందల పాత కార్లు బయల్దేరతాయి. అన్నీ 1905కు ముందు తయారైనవే. దాదాపు 60 మైళ్లు, అంటే 96 కిలోమీటర్లు నడిచి బ్రైటన్ సముద్రపు ఒడ్డున మదీరా డ్రైవ్ చేరతాయి. గంటకు 4 మైళ్లున్న వేగపరిమితిని 14కు పెంచిన చట్టం అమల్లోకి వచ్చిన రోజున, 1896 నవంబర్ 14న, అప్పటి మోటారు వాళ్లు పండగలా చేసుకున్న పరుగుకు ఇది గుర్తు. ఆనాడూ వానే. (వీటిని ‘వింటేజ్’ అన్నారో, అక్కడివాళ్లు మర్యాదగానే సరిదిద్దుతారు. ఇవి ‘వెటరన్’ కార్లు. వింటేజ్ అంటే 1919 నుంచి 1930 దాకా వచ్చినవి.)

దాదాపు దారంతా మామూలు రాకపోకలు సాగుతూనే ఉంటాయి. కాబట్టి సైకిల్ మీద వెంట వెళ్లడానికి ఎవరి అనుమతీ అక్కర్లేదు. చిక్కల్లా ఒక్కటే: వానలో మీ బ్రేకులు సరిగ్గా పట్టవు, ఆ కార్ల బ్రేకులు ఎండలోనే అంతంతమాత్రం. ఈ రెండింటినీ ఒకే దిగుడులో, ఒకే చోట కలవనీయకుండా చూడటమే కింద చెప్పబోయే పనుల్లో సగం.

ముందు ఆ కార్ల సంగతి తెలుసుకోండి

ఇంట్లో టైర్లు చూసుకోవడం కంటే ముందు చేయాల్సిన పని ఇది. ఈ కార్లకు ముందు చక్రాల బ్రేకులు దాదాపు ఉండవు. వెనక చక్రాల మీదో, గేర్ల నుంచి వచ్చే షాఫ్టు మీదో ఒక పట్టీ బిగుసుకుంటుంది, అంతే. తడిస్తే ఆ పట్టూ తగ్గుతుంది. బ్రేక్ లైటు లేదు, ఇండికేటర్ లేదు, చాలావాటికి ముందు అద్దమే లేదు. వాన నేరుగా నడిపేవాడి కళ్లలో కొడుతుంది. అతను చెయ్యి చాపి సైగ చేస్తాడు. ఆ సైగ మీరు చూడాలి, ఎందుకంటే మిమ్మల్ని అతను చూస్తాడన్న భరోసా లేదు.

కొన్నిటికి స్టీరింగ్ చక్రం బదులు పడవ చుక్కానిలాంటి కడ్డీ ఉంటుంది. చిన్న గుంత తగిలినా అది చేతిని లాగుతుంది, కారు అడుగు పక్కకు జరుగుతుంది. తోలు బెల్టుతో నడిచే 1890ల నాటి బండ్లకైతే వాన పెద్ద శత్రువు. తడిసిన బెల్టు కప్పీ మీద జారుతుంది, ఇంజన్ తిరుగుతూనే ఉంటుంది, బండి మాత్రం ఎత్తు మధ్యలో నిలబడిపోతుంది. నిలబడితే ఫర్వాలేదు, వెనక్కి జారితేనే ముప్పు. జారకుండా కొన్నిటికి కింద ఒక ఇనుప కడ్డీ దించుతారు. లేకపోతే పక్కన కూర్చున్నవాళ్లు దిగి చక్రం వెనక చెక్కదిమ్మ పెడతారు. అందుకే ఎత్తులో ఈ కార్లకు కనీసం 15 మీటర్లు వెనక ఉండండి, అదీ నేరుగా వెనక కాకుండా కాస్త కుడి పక్కగా.

ఇంకో సంగతి, నూనె. ఈ ఇంజన్లలో చాలావాటికి నూనె తిరిగి లోపలికి చేరే ఏర్పాటు లేదు. బొట్టుబొట్టుగా పడి, పని చేసి, కింద రోడ్డు మీదికే పోతుంది. పొడి రోజున మరక, వాన రోజున ఇంద్రధనస్సు రంగుల పొర. అది ఎక్కువగా లేన్ నడిమధ్యన పడుతుంది. మీరు ఎడమ చక్రాల జాడలో తొక్కండి. అంచుకు మరీ ఆనుకోవద్దు, అర మీటరుకు తగ్గకుండా ఎడం ఉంచండి. అంచున ఆకులు, రాళ్లు, కాలువ జాలీలు ఉంటాయి.

ఆవిరి కార్లు దర్జాగా, చప్పుడు లేకుండా వస్తాయి. చలిలో అవి వదిలే తెల్లటి ఆవిరి మేఘం వెనక ఏమీ కనబడదు. ఆ మేఘంలో తొక్కకండి, అది చెదిరేదాకా ఆగండి. నీళ్లు నింపుకోవడానికి అవి ఉన్నట్టుండి పక్కకు తీసి ఆగుతాయి కూడా.

సైకిల్: వారం ముందే చేయాల్సినవి

టైర్లు 28 మిల్లీమీటర్లు గానీ, ఫ్రేములో చోటుంటే 32 గానీ వేయండి. 28 టైరు మీద 70 కిలోల మనిషికి పొడి రోజున ముందు 70, వెనక 75 పీఎస్ఐ ఒత్తిడితో గాలి పెడితే, వానకు 5 నుంచి 8 తగ్గించండి. అంతకంటే తగ్గిస్తే గుంతలో రిమ్ము ట్యూబును నొక్కేసి, పాముకాటులా పక్కపక్కనే రెండు చిల్లులు పెడుతుంది.

ఈ దారిలో పంక్చర్లకు అసలు కారణం చెకుముకి రాయి. బ్రైటన్ దగ్గరి ససెక్స్ సుద్దకొండల్లో అది బోలెడు. వాన నీరు దాన్ని పొలాల నుంచి రోడ్డు మీదికి తోస్తుంది. తడి రబ్బరును కోయడం పొడి రబ్బరును కోయడం కంటే తేలిక, నీరే కత్తికి నూనెలా పనిచేస్తుంది. అరిగిన టైరు ఈ రోజుకు పనికిరాదు. తలా రెండు ట్యూబులు, టైరు ఊడదీసే లీవర్లు రెండు, ఒక పంపు, టైరు కోసుకుపోతే లోపల అడ్డం పెట్టడానికి పాత టైరు ముక్క ఒకటి. ట్యూబ్ మార్చే ముందు టైరు లోపలంతా వేలితో తడిమి రాయి ముక్కను తీయాలి. చలికి వేళ్లు మొద్దుబారి ఇక్కడే పొరపాటు జరుగుతుంది. రాయి అలాగే ఉండిపోతే రెండో ట్యూబూ పోతుంది. గుడ్డతో తుడిస్తే దారం చిక్కుకున్న చోట రాయి దొరుకుతుంది.

మడ్‌గార్డులు మీ కోసం కాదు, మీ వెనకవాడి కోసం. వెనక మడ్‌గార్డుకు కింద రబ్బరు ముక్కో, కత్తిరించిన ప్లాస్టిక్ సీసా ముక్కో బిగించి, నేలకు 10 సెంటీమీటర్ల ఎత్తు దాకా దించండి. అది లేని మనిషి గుంపు చివర తొక్కాలి. బ్రిటన్ క్లబ్బుల్లో ఇది చలికాలపు మర్యాద. మన గుంపుల్లో మొహమాటానికి ఎవరూ అనరు గానీ, అనాలి.

చక్రం అంచును నొక్కి ఆపే రిమ్ బ్రేకులైతే, వాటి ప్యాడ్లు తీసి చూడండి. మెరిసే అల్యూమినియం ముక్కలు దిగి ఉంటే సూదితో పెకిలించండి, లేకపోతే వానలో అవే రిమ్మును రంపంలా కోస్తాయి. డిస్క్ బ్రేకుల వాళ్లకు వేరే బెడద. పైన చెప్పిన నూనె చిమ్మి రోటార్ (చక్రం నడుమ తిరిగే బ్రేకు పళ్లెం) మీద పడితే ప్యాడ్లు కీచుమంటాయి, పట్టు పోతుంది. ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌లో తడిపిన గుడ్డ ముక్కలు నాలుగు చిన్న జిప్ కవర్లో పెట్టుకోండి. రోటారును దాంతో తుడవచ్చు. నూనె పీల్చుకున్న ప్యాడును మాత్రం మార్చాల్సిందే.

చైనుకు వానకాలం నూనె (వెట్ ల్యూబ్) ముందు రోజు రాత్రే వేసి, పైన మిగిలింది తుడిచేయండి. పొద్దున వేసి బయల్దేరితే మొదటి అరగంటలోనే అది రిమ్ము మీదికి చిమ్ముతుంది.

లైట్లు పగలైనా వెలిగించే ఉంచండి. వెనక ఎరుపు లైటు గుంపులో మిణుకుమిణుకుమనకుండా నిలకడగా వెలిగేలా పెట్టండి, లేకపోతే వెనకవాడి కళ్లు తిరుగుతాయి. చివరి మనిషి లైటు ఒక్కటే మిణకాలి.

ఒంటి మీద ఏముండాలి

హైదరాబాద్ శివార్లలోనో గోదావరి గట్టు మీదో శ్రావణంలో తడుస్తూ తొక్కినవాళ్లు ఇక్కడే బోర్లా పడతారు. మన వాన తడుపుతుంది, ఇంగ్లండ్ వాన గడ్డకట్టిస్తుంది. నవంబరులో 8, 10 డిగ్రీల చలి, పైన గాలి. తడవకుండా ఉండటం ఎలాగూ కాని పని. తడిసినా వెచ్చగా ఉండేలా చూసుకోవాలి.

లోపల పలుచటి ఉన్ని బనియన్ వేయండి, నూలు బనియన్ వద్దు. నూలు తడిని పట్టి వదలదు. దాని మీద పొడుగు చేతుల జెర్సీ, పైన వాన జాకెట్. బూట్ల మీద తొడుగులు. హెల్మెట్ కింద ముందుకు చూరున్న టోపీ పెట్టుకుంటే కళ్లద్దాల మీద చినుకులు సగం తగ్గుతాయి. చేతితొడుగులు రెండు జతలు తీసుకెళ్లండి. ఒకటి చేతికి, రెండోది జిప్ కవర్లో పొడిగా. సగం దారిలో పొడి తొడుగులు వేసుకున్న సుఖం ముందు వేడి కాఫీ కూడా దిగదుడుపే.

తిండికి పల్లీ చిక్కీ, నువ్వుండలు, ఖర్జూరాలు బాగా పనికొస్తాయి. చిక్కీ చలికి రాయిలా బిగుస్తుంది కాబట్టి ఇంట్లోనే గోళీకాయంత ముక్కలు చేసుకోండి. ఖర్జూరాల్లో గింజలు తీసేయండి. తడి తొడుగులతో ప్లాస్టిక్ చుట్టలు విప్పలేరు, అన్నీ విప్పి ఒకే కవర్లో వేసుకోండి. గంటకు 40 నుంచి 60 గ్రాముల పిండిపదార్థం లోపలికి పోవాలి. చలిలో దాహం తెలియదు గనక ప్రతి 20 నిమిషాలకూ ముందు మనిషి కేకేసి గుర్తుచేయాలి.

గుంపును కట్టడం

ఒక్కో జట్టులో ఆరుగురు, మహా అయితే ఎనిమిది మంది. పదహారు మంది వస్తే రెండు జట్లుగా చేసి మధ్య అయిదు నిమిషాల తేడా పెట్టండి. దారి తెలిసిన మనిషి ముందు, పంక్చర్ వేయడం బాగా వచ్చిన మనిషి చివర. నెమ్మదస్తుడు చివర కాదు, ముందు నుంచి రెండో చోట ఉండాలి. జట్టు వేగం అతని కాళ్లదే.

పొడి రోజున చక్రానికి చక్రం ఆనించినట్టు తొక్కే అలవాటు మానండి. ఒకటిన్నర నుంచి రెండు సైకిళ్ల పొడవు వదలండి. రిమ్ బ్రేకు తడిగా ఉన్నప్పుడు చక్రం ఒకటి రెండు చుట్లు తిరిగి నీరు తుడుచుకున్నాకే పట్టుకుంటుంది. ఆ రెండు చుట్లంటే నాలుగు మీటర్లకు పైనే.

చేత్తో సైగలు తగ్గించి నోటితో చెప్పండి, వానలో రెండు చేతులూ బ్రేకుల మీదే ఉండాలి. ఏ మాటలు వాడాలో బయల్దేరకముందే తేల్చుకోండి. సగం మంది ‘హోల్’ అని, సగం మంది ‘గుంత’ అని అరిస్తే మూడోవాడు అందులో పడతాడు. ‘గుంత’, ‘ఆకులు’, ‘ఆగుతున్నా’, ‘వెనక కారు’ సరిపోతాయి. ఈ ఒక్క రోజుకు ఇంకోటి చేర్చండి: ‘పాతది!’. మామూలు కారు రెండు సెకన్లలో దాటి పోతుంది. పాతది మీ పక్కన అర నిమిషం ఉంటుంది, ఆ అర నిమిషమూ ఎవరూ పక్కకు జరగకూడదు.

టైమ్ లెక్క

కార్లు సూర్యోదయానికి, దాదాపు 7 గంటలకు మొదలవుతాయి. పాతవి ముందు, కొత్తవి తర్వాత. అంటే పొద్దున్నే మీతో ఉండేవి నెమ్మది బండ్లు. తర్వాత వచ్చి దాటేవి 1903, 1904 నాటి పెద్ద ఇంజన్ల బండ్లు. ఇది పందెం కాదు. సగటున గంటకు 20 మైళ్లు మించకూడదని వాటికి నియమం.

వానలో గుంపు సగటు గంటకు 18 కిలోమీటర్లనుకోండి. 96 కిలోమీటర్లకు అయిదుంబావు గంటల పైచిలుకు. ఆగడాలకు గంటంబావు, రెండు పంక్చర్లకు అరగంట. మొత్తం ఏడు గంటలు. 7.15కు బయల్దేరితే రెండుంబావుకు బ్రైటన్. అక్కడ ఆ రోజుల్లో నాలుగున్నర ప్రాంతంలోనే పొద్దు గుంకుతుంది. 9 తర్వాత బయల్దేరితే ఆ రెండు గంటల వెసులుబాటు చేజారినట్టే.

కార్ల దారి ఏటా కొంచెం మారుతుంది. నిర్వాహకులు ప్రకటించే పటం చూసి ఆ ఏటి దారినే సైకిల్ కంప్యూటర్లో ఎక్కించుకోండి. ‘బండ్లతో పోనేల, నేషనల్ సైకిల్ రూట్లు 20, 21 పట్టుకుందాం’ అనే పెద్దమనిషి ప్రతి గుంపులోనూ ఒకడుంటాడు. ఎండాకాలం అది మంచి మాటే. నవంబర్ వానలో ఆ దారుల్లో మట్టి బాటలు బురదగుంటలవుతాయి. సన్న టైర్లు దిగబడతాయి, మడ్‌గార్డుల్లో బురద ఇరుక్కుని చక్రమే ఆగిపోతుంది.

దారిలో, ఎక్కడ ఏం చూడాలి

లండన్ లోపల ఆకులే ముప్పు. చిత్తడిలో నలిగిన చినార్ జాతి చెట్ల ఆకులు అరటితొక్కతో సమానం. వాటి మీద బ్రేకు వేయకండి, సైకిల్ వాల్చకండి, నిటారుగా పోనివ్వండి. రోడ్డు మీది తెల్ల గీతలు, ఇనుప మూతలు కూడా అంతే.

క్రాయ్‌డన్ ఊళ్లోంచి పోతే వెస్ట్ క్రాయ్‌డన్ స్టేషన్ దగ్గర ట్రామ్ పట్టాలు అడ్డొస్తాయి. తడి పట్టాను ఏటవాలుగా దాటితే చక్రం గాడిలో పడుతుంది, భుజం నేలకు కొట్టుకుంటుంది. ముందే వేగం తగ్గించి, వెనక ఎవరూ లేరని చూసి, పట్టాకు అడ్డంగా, లంబకోణానికి దగ్గరగా దాటండి. పట్టా మీద ఉన్నంతసేపూ బ్రేకు వేయొద్దు, పెడల్ తొక్కొద్దు.

పర్లీ, కూల్స్‌డన్ దాటాక హూలీ దగ్గర ఎం23 మోటర్‌వే మొదలవుతుంది. దాని మీద సైకిళ్లకు నిషేధం. మీరు మెర్స్‌టమ్ వైపు పోయే మామూలు రోడ్డు ఏ23 మీదే ఉండాలి. గుంపు తల వంచుకుని వానలో తొక్కుతున్నప్పుడు బోర్డు తప్పిపోయే చోటు ఇదే, ముందు మనిషి ఇక్కడ అరిచి చెప్పాలి.

క్రాలీ హై స్ట్రీట్‌లో కార్లు కాఫీకి ఆగుతాయి. మీరూ ఆగండి గానీ 20 నిమిషాలు మించొద్దు. ఆగిన ఒళ్లు తడి బట్టల్లో చల్లబడితే మళ్లీ వేడెక్కడానికి అరగంట పడుతుంది. బండ్లను దగ్గరగా చూడటానికి ఇదే మంచి చోటు. రోవర్, హంబర్ పేర్లు కనబడితే గుర్తుంచుకోండి, ఆ కంపెనీలు మొదట సైకిళ్లు చేసినవే. అసలు 1896 పరుగును నడిపించిన హ్యారీ లాసన్ అంతకు ముందే, 1879లో, వెనక చక్రాన్ని చైనుతో తిప్పే సైకిలుకు పేటెంటు తీసుకున్నాడు. కాబట్టి ఆ కార్ల పక్కన మీరేమీ పిలవని పేరంటానికి వచ్చినట్టు కాదు.

దాటడం, దాటనివ్వడం

పాత కారును మీరు దాటాల్సింది ఎత్తులో, అది నడక వేగానికి వచ్చినప్పుడు. పక్కన కూర్చున్న మనిషి మిమ్మల్ని చూశాడని తెలిశాక, కుడి వైపు నుంచి, ఇద్దరిద్దరుగా. గుంపంతా దారంలా ఒకేసారి దాటబోతే మధ్యలో ఎదురుబండి వచ్చి గుంపు తెగుతుంది, తెగిన సగం ఆ కారు పక్కన ఇరుక్కుంటుంది. బెల్లు మోగించినా ఇంజన్ చప్పుడులో వినబడదు, చెయ్యి ఊపండి.

ఎత్తు చివరికి వచ్చాక మాత్రం దాటకండి. ఈ రోజంతటికీ ఇదే ముఖ్యమైన నియమం. కొన దగ్గర దాటారంటే, వెంటనే వచ్చే దిగుడులో తడి బ్రేకులతో మీరు ముందుంటారు, సరిగా ఆగలేని టన్ను ఇనుము మీ వెనక ఉంటుంది. కొన మీద ఆగి దాన్ని ముందు పోనివ్వండి, 50 మీటర్లు ఎడం అయ్యాక దిగండి.

అది మిమ్మల్ని దాటుతుంటే ఒకరి వెనక ఒకరు రండి. ముగ్గురు, నలుగురికి ఒకచోట 40, 50 మీటర్ల ఖాళీ వదిలితే ఆ బండి ఒక్క ఊపులో దాటలేకపోయినా మధ్యలో దూరి ఊపిరి పీల్చుకుంటుంది. మీరు మర్యాదకని తొక్కడం ఆపేయకండి. నిలకడైన వేగమే ఆ బండి నడిపేవాడి లెక్కకు అందుతుంది.

ఎత్తులో నిలిచిపోయిన బండి వాళ్లు తోయమని అడగవచ్చు. అడిగితేనే వెళ్లండి. సైకిళ్లు గడ్డి మీద పెట్టి, వెనక రెండు మూలల దగ్గర నిలబడి తోయండి, నడిమధ్యన వద్దు. చెక్క మడ్‌గార్డుల మీదో ఇత్తడి గొట్టాల మీదో చెయ్యి వేయకండి. మొదటివి విరుగుతాయి, రెండోవి కాలుస్తాయి.

చివరి పెద్ద ఎత్తు క్లేటన్ దగ్గర. కొండ మీద జాక్, జిల్ అనే రెండు గాలిమరలు కనబడతాయి, కోట గుమ్మంలాంటి రైలు సొరంగం పక్కనే. అలసిన గుంపు, అలసిన ఇంజన్లు ఇక్కడ ఒకే ఇరుకు దారిలో కలుస్తాయి. ఎవరి వేగంతో వాళ్లు ఎక్కి, పైకి చేరాక కలవండి. అక్కడి నుంచి పైకూమ్, ప్యాచమ్ మీదుగా ఊళ్లోకి ఎక్కువభాగం దిగుడే. దిగే ముందు బ్రేకులు రెండు మూడుసార్లు తేలిగ్గా నొక్కి నీరు తుడవండి, దిగుతున్నంతసేపూ అలా నొక్కుతూ వదులుతూ ఉండండి.

వాన ముదిరితే

మనిషి వణకడం మామూలే. వణుకు ఆగిపోయి మాట ముద్దగా వస్తున్నా, గేరు మార్చలేకపోతున్నా, అడిగినదానికి ‘బానే ఉన్నా’ అని మాత్రమే అంటున్నా అతన్ని ఇక తొక్కనివ్వకండి. తడి జాకెట్ విప్పి, పొడి బట్ట వేసి, వెండిరంగు రేకు దుప్పటి చుట్టి, మెలకువగా ఉండి మింగగలిగితేనే తీపి వేడిది ఏదైనా తాగించండి. వణుకు ఆగి మాట ముద్దగా వస్తుంటే అది ప్రాణాపాయం, వెంటనే 999కు ఫోన్ చేయండి. ఈ దారికి ఒక అదృష్టముంది: బ్రైటన్ రైలు మార్గం పక్కనే నడుస్తుంది. ఈస్ట్ క్రాయ్‌డన్, రెడ్‌హిల్, గాట్విక్, త్రీ బ్రిడ్జెస్, హేవర్డ్స్ హీత్, బర్జెస్ హిల్, హాసక్స్ స్టేషన్లలో ఏదో ఒకటి ఎప్పుడూ దగ్గర్లోనే ఉంటుంది. ఆ పేర్లు అందరి దగ్గరా రాసి ఉండాలి, మానుకున్న మనిషితో ఇంకొకరు తోడు వెళ్లాలి. ఆదివారాల్లో పట్టాల మరమ్మతులతో రైళ్లు ఆగిపోవడం కద్దు. సైకిళ్లను ఎక్కించుకుంటారో లేదో, ముందు రోజు రాత్రే రెండూ చూసుకోండి.

ఇంటికి చేరాక

స్నానానికి ముందే సైకిల్ మీద బకెట్ నీళ్లు పోయండి. ధారగా కొట్టే పైపు వాడితే బేరింగుల్లోకి నీరు దూరుతుంది. చైను పొడిగుడ్డతో తుడిచి కొత్త నూనె వేయండి. సీటు కడ్డీ ఎత్తుకు టేపు గుర్తు పెట్టి, దాన్ని బయటికి లాగి, సైకిలును తలకిందులుగా గోడకు ఆనించండి. ఫ్రేములో చేరిన నీరు గ్లాసుడు దాకా కారవచ్చు. బూట్లలో న్యూస్‌పేపర్ ఉండలు కుక్కి, గంట తర్వాత తీసి కొత్తవి కుక్కండి, హీటర్ మీద పెట్టకండి. టైర్లలో గాలి తీసి వేలితో నొక్కుతూ ఒక చుట్టు తిప్పి చూడండి. చెకుముకి ముక్క ఒక్కోసారి రబ్బరులో దాక్కుని, మంగళవారం ఆఫీసుకు పోయే దారిలో ట్యూబుకు తగులుతుంది.